చిటికెన వేలు జారిన వేళ

రెండేళ్ల క్రితం మాట. నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసు వార్షికోత్సవంలో నా సహోద్యోగి స్వరూప పాడుతోంది, సింథసైజర్ మీద తోడు నేను. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమె జనం ముందు పాడటం అదే మొదటిసారి.

నాలుగు మీటలు నొక్కి పట్టుకుంటే సింథసైజరే ఆ స్వరాలను ఒకదాని వెంట ఒకటి తిప్పి తిప్పి మోగిస్తుంది. దాన్నే ఆర్పెజియో అంటారు. రిహార్సల్లో అది విని స్వరూప, "ఏందన్నా, ఫోన్ హోల్డ్‌లో పెడితే వచ్చే మ్యూజిక్ లెక్కుంది" అంది. ఆ మాట నన్ను వారం రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. కొత్తగూడ సిగ్నల్ దగ్గర కూడా స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూనే ఉన్నాను. ఎన్ని స్వరాలు చేర్చినా అదే చప్పదనం.

స్టేజి మీద చెమటకి నా చిటికెన వేలు జారింది. నాలుగు స్వరాల వరస మూడైపోయింది. తాళం మాత్రం నాలుగులోనే నడుస్తోంది. ఆమె పాట తప్పితే ఆ పాపం నాదే. మళ్లీ నొక్కుదామంటే వేలు కదల్లేదు.

స్వరూప ఒక్కసారి నా వైపు చూసింది. తొడ మీద తాళం వేసుకుంటూ పాడుతూనే ఉంది. వరస ప్రతిసారీ కొత్తచోట మొదలవుతుంటే ఆ చప్పదనం పోయింది. తాళం మూడు ఆవర్తనాలు తిరిగాక వరసా తాళమూ మళ్లీ ఒకచోట కలిశాయి. సరిగ్గా అక్కడ ఆమె పల్లవి ఎత్తుకుంది. హాలంతా చప్పట్లు.

దిగగానే "సారీ స్వరూపా, వేలు జారింది" అన్నాను.

"జర ముందే జారిస్తే అయిపోతుండె కదన్నా!" అని నవ్వింది.

వారమంతా స్వరాలు పెంచుకుంటూ పోయిన నాకు, ఒకటి తగ్గించి చూద్దామని తోచనే లేదు.