ప్రభువు బల్లకు అడ్డొచ్చిన నంబరు

ఐర్లండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేరిన వారంలోనే మేనేజరమ్మ చెప్పింది. అక్కడ పన్నుకూ సామాజిక బీమాకూ కలిపి ఒకటే నంబరు ఉంటుందట. అది వచ్చేదాకా జీతంలో పన్ను కోత ఎక్కువ. పాస్‌పోర్టు, కిరాయి ఇంటి చిరునామాకు రుజువు, ఉద్యోగం ఇచ్చిన కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్తే సరిపోతుంది. సరిపోయేదే, నేను ఆ సంగతి ఆత్మకూర్‌లోని మా చర్చి సంఘానికి చెప్పకుండా ఉంటే.

మా సంఘంలో ఏ పనైనా ముందు ప్రార్థనకు పెట్టాలి. బోరు వేసినా, బర్రెను కొన్నా అంతే. ఆ అలవాటుతోనే ఆదివారం ఫోన్లో జరిగే వీడియో కూటంలో “ఒక నంబరు కోసం ప్రార్థన చెయ్యండి” అన్నాను. మా సంఘ పెద్ద తెరలోకి వంగాడు. ఆయన్ని అందరం తాతా అంటాం. పూణెలో, బొంబాయిలో జీవితమంతా తాపీ పనిచేసి వచ్చిన మనిషి. అంత్యదినాల గురించి ఆయనకు తెలియనిది తేదీ ఒక్కటే.

“గా నంబరు లేకుంటె ఏమైతది?”

“జీతం సక్కగ రాదు తాతా.”

“అంటె కొనుడు, అమ్ముడు బంద్. విన్నరా అందరు? గిది బైబిల్ ఆఖరి పుస్తకంల రాసిన మృగం ముద్ర బిడ్డా. కుడిచేతికో, నొసటికో ఏస్తరు.”

“చేతికెయ్యరు తాతా, కాయితం మీద వస్తది.”

“ముందుగాల కాయితమే ఇస్తరు.”

అప్పటిదాకా మైకులు మూసుకుని ఉల్లిగడ్డలు కోసుకుంటున్న అక్కలందరూ ఒక్కసారిగా తెరిచి “హల్లెలూయా” అన్నారు. తాత తీర్పు చెప్పేశాడు: “తీసుకుంటివా, మల్ల ప్రభు బల్ల కాడికి రాకు.”

బాప్తిస్మం పొందిన నాటి నుంచి ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం నేను వదులుకున్నది లేదు. పాలమూరు దవాఖానాలో చేసేటప్పుడు దానికోసం డ్యూటీలు మార్చుకునేదాన్ని. అందుకే నవ్వాల్సిన చోట నవ్వలేక, ఆఫీసుకు పోవడం మానుకున్నాను. జీతం కోతతోనే వచ్చింది. ఇంకా ఎందుకు వెళ్ళలేదని మేనేజరమ్మ అడిగితే, నా నంబరు గురించి మా ఊళ్లో ఉపవాసం ఉన్నారని చెప్పాను. ఆమె, “వాళ్ళు ఎప్పుడు భోంచేస్తారు?” అంది.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసింది.

“రేషన్ దుకాణంల ఇయ్యాల శాన సేపు నిలవడ్డ బిడ్డా. తాత ఏలిముద్రలు మిషన్ల వడ్తలేవు. సిమెంట్‌తోని అరిగినయ్ గద. అన్ని వేళ్ళు వెట్టి సూసిండు. ఆఖరికి మొఖం ముంగట మిషన్ వెట్టి కన్ను ఫోటో దీస్కున్నరు. గప్పుడిచ్చిండ్రు బియ్యం.”

“ముందుగాల ఏ చెయ్యి వెట్టిండమ్మా?”

“కుడిచెయ్యే. ఎందుకే?”

ఎందుకో ఆదివారం కూటంలో తెలిసింది.

“తాతా, ఏసయ్య పుట్టెటప్పుడు యోసేపు, మరియమ్మ బెత్లెహేముకు ఎందుకు పోయిండ్రు?”

“పేర్లు రాయించుకునెతందుకు.”

“ఎవరు రాయించుకొమ్మన్నరు?”

“చక్రవర్తి.” తాత గొంతు తగ్గింది.

“సర్కారు లెక్కల ఎక్కుడు పాపమైతె, నిండు కడుపుతోని ఆమె గంత దూరం ఎందుకు పోయె? మరి మొన్న దుకాణంల మీరు కుడిచెయ్యి వెడితిరి, మొఖం వెడితిరి.”

“అది బియ్యం బిడ్డా!”

“ఇది జీతం తాతా.”

నెట్‌వర్క్ పోయినట్టు తాత కదలకుండా ఉండిపోయాడు. ఆయన వెనక ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆ ముద్ర సంగతి అబద్ధమని నేను అనను. మృగానికి మొక్కినవాడి మీద పడే ముద్ర అది. దానికి ఇప్పటికీ భయపడతాను. కానీ మా వాళ్ళు ఎవరికి మొక్కుతున్నామన్న సంగతి వదిలేసి, ఎదుటివాళ్ళ నొసళ్ళు వెతుకుతూ కూర్చుంటారు. తమ నొసలు చూసుకోవడానికి అద్దం కావాలి కదా, అది ఎవరి దగ్గరా ఉండదు.

ఆఫీసుకు వెళ్ళాను. కాగితాలన్నీ చూసి, ఫొటో తీయడానికి కెమెరా తిప్పిన ఆవిడ ఎంతో మర్యాదగా, “నుదుటి మీద జుట్టు కాస్త పక్కకు తీస్తారా?” అంది. నా చెయ్యి జుట్టు దాకా పోయి ఆగింది. అదీ కుడిచెయ్యి. తాతే గెలిచాడనుకున్నాను. ఫ్లాష్ మెరిసింది. తర్వాత సంతకం పెట్టమని, ఇక వెళ్ళొచ్చంది. నంబరు కొన్నాళ్ళకు పోస్టులో వచ్చింది. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి అద్దంలో నొసలు చూసుకున్నాను.

సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు ఆదివారం ప్రభువు బల్ల వేశారు. నేను ఆడవాళ్ళ వరుసలో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. తాత పళ్ళెం పట్టుకుని వస్తున్నట్టు చెప్పుల్లేని అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అది నా ముందు ఆగింది. దాటిపోతుందేమో అనుకున్నాను. దాటలేదు. కళ్ళు తెరిచి చూస్తే, అరిగిన ఆ వేళ్ళు నాకోసం రొట్టె విరుస్తున్నాయి. పక్కన అక్కకు ఇచ్చిన దానిలో సగం కూడా లేదు నా ముక్క.

ముక్క చిన్నదా పెద్దదా అని చూడకూడదని చిన్నప్పుడు నేర్పింది ఆయనే. కళ్ళు మూసుకుని తిన్నాను.