వానాకాలం దాకా గడువు

పాలమూరు జిల్లా నుంచి కొత్త పెళ్ళికూతురుగా మాదాపూర్ గుట్టల్లోకి వచ్చిన నాటి నుంచీ భాగ్యమ్మ బతుకంతా రాయితోనే. మొగుడు ఐలయ్య సమ్మెటతో బండ పగలగొట్టేవాడు. ఆమె ఎండలో చతికిలబడి ఆ ముక్కల్ని కంకర కొట్టేది. అప్పట్లో అక్కడ సీతాఫలం పొదలూ, ఏనుగుల్లాంటి బండలూ, వాటి నీడన పడుకునే మేకలూ తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండేది కాదు. బండ అయిపోయి చదునుబడ్డ చోట రాళ్ళు పేర్చి, మట్టి మెత్తి, పైన రేకులు కప్పుకుని నలుగురితోపాటు వాళ్ళూ ఓ గుడిసె వేసుకున్నారు. కూతురు పింకీ అందులోనే పుట్టింది. ఆ పేరు సినిమా పిచ్చి ఉన్న మేనత్త పెట్టింది.

పింకీ ఊరి బడిలో ఐదో తరగతికి వచ్చేసరికి గుట్టలు కరిగిపోయాయి. వాటి స్థానంలో హైటెక్ సిటీ లేస్తోంది. గాజుగోడల భవనం చుట్టూ పగలంతా లారీలు తిరిగేవి. ఐలయ్య అప్పటికే పని మానేశాడు. ముందు క్షయ అన్నారు, మందులు మింగించారు. చివరికి దవాఖానలో ఓ పెద్ద డాక్టరు, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందనీ దానికి మందు లేదనీ తేల్చేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుడిసె ముందు నులకమంచం మీద కూర్చుని లారీల్ని చూస్తుండేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆ గుడిసెల గోడల మీద ఎర్రరంగు గుర్తులు పడ్డాయి. కొత్త రోడ్డు అటుగా పోతుందట, ఖాళీ చెయ్యాలట. ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే అశ్విని వచ్చింది. కర్నూలు పిల్ల, కొత్తగా నల్లకోటు వేసుకున్న వకీలు. పేదల ఇళ్ళ కోసం కొట్లాడే ఓ సంఘంలో పనిచేస్తోంది. ఆడవాళ్ళందర్నీ పోగుచేసి, తనూ ఓ రాయి మీద కూర్చుని చెప్పింది.

"ఇల్లు, తిండి, బడి, దవాఖాన, ఇవి ఎవరో దయతలిచి ఇచ్చేవి కావక్కా. హక్కులు. వీటిని కాపాడతామని ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం కూడా అందులో చేరింది."

"ఎప్పుడు చేరింది?" అంది భాగ్యమ్మ.

"డెబ్భై తొమ్మిదిలో."

భాగ్యమ్మ నోరెళ్ళబెట్టింది. "గప్పటికి నా లగ్గం గూడ కాలే. గిన్నేండ్ల సంది మాకెవ్వలు చెప్పలేదేందమ్మా?"

అశ్విని నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత మెల్లగా, వేరే చోటు చూపించకుండా ఇళ్ళు కూల్చకూడదనీ, వానలో, రాత్రిపూట అసలే కూల్చకూడదనీ ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ చెప్పిందని వివరించింది.

ఆ మాట భాగ్యమ్మ మనసులో నాటుకుపోయింది. తన పేరు తెలియని వాళ్ళెవరో ఎక్కడో కూర్చుని, వానలో ఇల్లు కూలితే ఆడదాని గతేమిటని ఆలోచించారు! గుడిసె గుడిసెకూ తిరిగి అదే చెప్పింది. ఐలయ్య దగ్గు మధ్యలో నవ్వాడు. "మాటిచ్చినోళ్ళు ఢిల్లీల ఉన్నరే. బుల్డోజర్ ఈడ్నే ఉన్నది."

"నువ్వు ఊకో. ఉత్తగనే మాటిస్తరా ఎవలన్న?"

ఖాళీ చెయ్యమన్న అధికారి దగ్గరికి వెళ్ళినప్పుడు బస్తీ తరఫున మాట్లాడమని అందరూ ఆమెనే ముందుకు తోశారు. ఆ అధికారి వెంకటరమణ, చెడ్డవాడేం కాదు. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. భాగ్యమ్మ చెప్పినంతసేపూ విన్నాడు. అంతా విని, అశ్విని వైపు తిరిగాడు.

"మీరు చెప్పే ఒప్పందంలోనే ఉంది కదండి, ఉన్న వనరుల్ని బట్టి క్రమంగా చెయ్యాలని. ఒక్కరోజులో ఏ దేశం చెయ్యగలదు?"

"క్రమంగా చెయ్యమంది నిజమే సార్. ఉన్న గూడు పీకెయ్యమని లేదు. ముందు స్థలం చూపించండి."

"స్థలం నా చేతుల్లో లేదండి." ఆయన పెన్ను మూత పెట్టాడు. "ఒక్కటి చెయ్యగలను. వానాకాలం వెళ్ళేదాకా ఎవరూ మీ జోలికి రాకుండా చూస్తాను. సరేనా అమ్మా?"

అశ్విని నోరు తెరిచేలోపే భాగ్యమ్మ రెండు చేతులూ జోడించింది. "సరే సారూ. గంతే చాలు."

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డప్పుడు అశ్విని అంది, "ఎందుకు ఒప్పుకున్నారక్కా? మనం అడగాల్సింది చోటు, గడువు కాదు."

భాగ్యమ్మకు తన తప్పేమిటో అప్పుడు అర్థం కాలేదు. ఒక అధికారి తన మాట విని, తనను సరేనా అని అడగడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కాదని ఎట్లా అంటుంది?

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. వాన పడితే కంకర పని ఉండదు, పొయ్యి వెలగదు. ఏటా వానను తిట్టుకునే ఆడవాళ్ళు ఆ ఏడు మబ్బు విడిపోతుంటే దిగులుపడ్డారు. భాగ్యమ్మకు ఆ దిగులు కూడా తిన్నగా పడే భాగ్యం లేకపోయింది. రేకుల సందుల్లోంచి నీళ్ళు కారి గుడిసె చెమ్మగిల్లేకొద్దీ ఐలయ్యకు ఊపిరి అందేది కాదు. వాన పడితే గుడిసె దక్కుతుంది, మనిషి దక్కడు. దేన్ని కోరుకోవాలో తెలియక దేవుడికి మొక్కడమే మానేసింది.

దసరా వెళ్ళింది. వానలు తెరిపిచ్చాయి. గాజు భవనం ప్రారంభానికి పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారన్నారు. వెంకటరమణకు బదిలీ అయింది. ఓ ఉదయం, ఆకాశంలో మబ్బుతునక లేని పూట, బుల్డోజర్లూ పోలీసు వ్యానులూ వచ్చాయి. వాన లేదు, చీకటి లేదు. చిట్టచివరి పూచికపుల్ల కూడా కనిపించేంత వెలుగు.

భాగ్యమ్మ అడ్డం పడి అరిచింది. "చోటు సూపియ్యకుండ కూలగొట్టొద్దు! మాటిచ్చిండ్రు!"

"ఎవరిచ్చిండ్రు?" అంది ఆమె రెక్క పట్టుకున్న పోలీసామె. "పేరు చెప్పు, సార్‌తోని నేనే మాట్లాడ్త."

భాగ్యమ్మ నోట్లోంచి పేరు రాలేదు. వెంకటరమణ ఇచ్చింది వానాకాలం వరకే. మరి ఆ పెద్ద మాట ఇచ్చిందెవరు? "దేశం" అంది చివరికి. పోలీసామె ఎగతాళి చెయ్యలేదు. "జర పక్కకు జరుగక్కా, రాళ్ళు మీద పడ్తయి" అని ఆమెను లాక్కుపోయింది. అశ్విని కోర్టు నుంచి పరుగున వచ్చేసరికి ఐలయ్య నులకమంచం మీద రోడ్డుపక్కన ఉన్నాడు. చుట్టూ గిన్నెలు. లేచిన దుమ్ము ఇంకా దిగలేదు, అతను దాన్నే పీలుస్తున్నాడు.

జీడిమెట్లలో వాళ్ళకు దూరపు చుట్టం సీతాబాయి ఉంది. ఆమె పంచన, రసాయనాల షెడ్ల వెనక, ఓ టార్పాలిన్ కట్టుకున్నారు. అక్కడ బోరు నీళ్ళు పసుప్పచ్చగా వచ్చేవి, గాలి గొంతులో గుచ్చుకునేది. ఎండలు ముదరకముందే ఐలయ్య పోయాడు. పోయే ముందు భాగ్యమ్మను నిష్టూరమాడలేదు. ఆడి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించేది. "వానాకాలం దాక చాలు అన్నది నేనే" అని సీతాబాయితో ఒకసారి అంది. సీతాబాయి, "నువ్వు వద్దంటే ఆగునా?" అంది. అదీ నిజమే. ఆ నిజం వల్ల గుండె బరువు తగ్గలేదు.

అశ్విని వాళ్ళను వెతుక్కుంటూ వచ్చింది. కూల్చివేత మీద తను వేసిన కేసు ఇంకా నడుస్తోందనీ, ఒప్పందం ఎంతవరకు అమలైందో చెబుతూ సంఘాలన్నీ కలిసి ఆ కమిటీకి నివేదిక పంపుతాయనీ, అందులో మాదాపూర్ గుడిసెల సంగతి కూడా ఉంటుందనీ చెప్పింది. భాగ్యమ్మ అంతా విని, "పోనియ్యమ్మా. మా పింకీకి యాడనన్న హాస్టల్ల సీటు ఇప్పియ్యరాదు?" అంది.

అశ్విని నిజంగానే తిరిగింది. మాదాపూర్ బడివాళ్ళు పిల్ల మధ్యలో మానేసింది, టీసీ ఇవ్వలేమన్నారు. హాస్టల్ వాళ్ళేమో, పిల్ల తల్లి ఎక్కడ ఉంటోందో రుజువు కావాలన్నారు. టార్పాలిన్‌కు ఇంటి నంబరు ఎవరిస్తారు? ఆఖరికి అశ్విని కూడా రావడం తగ్గించింది. వస్తే చెప్పడానికి ఆమె దగ్గరా ఏమీ లేదు.

భాగ్యమ్మ ఓ షెడ్డులో ఖాళీ డ్రమ్ములు కడిగే పనికి కుదిరింది. కొన్నాళ్ళకు మేస్త్రీ, పిల్లను కూడా తీసుకురమ్మన్నాడు, చిన్న చేతులైతే డ్రమ్ము లోపలిదాకా అందుతాయని. మర్నాడు పొద్దున కంపెనీ సైరన్ కూసేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ గేటు ముందు వరసలో నిలబడి ఉన్నారు.