బండి కాడ మేడం కుర్సీ

మేడం పోయిందన్న ముచ్చట నాకు గేటు కాడి వాచ్‌మన్ చెప్పిండు. నేను పాలు పొంగకుంట సూస్తున్న. "కాకా, మేడం పోయిందట, హైదరాబాద్ దవాఖానల" అన్నడు. నేను తలకాయ గూడ ఎత్తలే. మొన్ననే వాని టోపీ దాసిపెట్టి, పెద్ద సారు వస్తున్నడని ఉరికిచ్చిన. గా కోపం తీర్సుకుంటున్నడనుకున్న. "గిసొంటి మాటలతోని పరాష్కం ఆడొద్దురా" అన్న. వాడు టోపీ తీసి చేతుల పట్టుకోని నిలవడ్డడు. పాలు పొంగి పొయ్యిల పడ్డయి. గవి పొంగిన సంగతి నాకు వాసన వచ్చినంక తెల్సింది.

ఆమె యూనివర్సిటీల ఎకనామిక్స్ చెప్పేది. గది గాక, సమాన అవకాశాల సెల్లు అని ఒకటుంటది, దానికి ఆమెనే ఇన్‌చార్జి. కులం పేరు మీద, ఊరి పేరు మీద, కాలుచెయ్యి సక్కగ లేదని ఎవలన్న పిల్లలను తక్కువ చేసి సూస్తే గా సెల్లుకు వచ్చి చెప్పుకోవాలె. సర్కారు రూలది. మెయిన్ బిల్డింగుల కింద ఒక రూమిచ్చిన్రు, తలుపు మీద నీలం బోర్డు గొట్టిన్రు. నల్లగొండకు పాలమూరుకు నడుమ, గుట్టల మీద, తెలంగాణ వచ్చినంక కట్టిన యూనివర్సిటీ మాది. గేటు బైట నా చాయ్ బండి. ఏడో తర్గతిల బడి ఇడిసిపెట్టినోన్ని, ఆమె గురించి రాయుమని పిల్లలు నా ఎంబడి పడ్డరు. నోటికొచ్చినట్టే రాస్తున్న, మీరే సర్దుకోన్రి.

మేడం గా రూముల కూసోలే. మొదట్ల కూసున్నదట. ఒక్కలు రాలే. ఎందుకు రాలేదో ఆమెకు జల్దిన్నే సమజైంది. గా నీలం బోర్డు కిందికెల్లి లోపటికి పోయిన పిల్లను వరండల ఉన్నోళ్లంత సూస్తరు. ఆ పిల్ల బైటికి వచ్చేలోపట దాని కులమేందో, బాధేందో క్యాంపస్ అంత చెప్పుకుంటది. గందుకే ఒకనాడు రూముకు తాళమేసి, కుర్సీ వాచ్‌మన్‌తోని మోపిచ్చుకోని వచ్చి నా బండి పక్కన ఏపిచ్చుకున్నది. చాయ్ తాగనీకి ఎవలైన వస్తరు. చాయ్ తాగెటోళ్లను ఎవలు పట్టించుకోరు.

"తమ్మీ, ఇయ్యాల్టికెల్లి నీ బండే నా ఆఫీసు" అన్నది.

"కిరాయి ఏమిస్తరు మేడం?"

"నీ పరాష్కాలు ఇంటగద, గదే కిరాయి."

రోజు మాపటీలి వచ్చి కూసునేది. అల్లం చాయ్, చక్కెర తక్కువ. వచ్చినోళ్ల ముచ్చట ఎన్నడు అడగలే. "ఇయ్యాల ఎవలు రాలే తమ్మీ?" అని అడిగేది. నాకు నవ్వొచ్చేది. రానోళ్ల ముఖాలు నాకెట్ల కనవడ్తయి మేడం అన్న. "నిన్నటిదాక వచ్చి ఇయ్యాల రానోళ్లు. బాధైన పిల్లలు ముంగట చాయ్ మానేస్తరు, ఎన్కసీరి మెస్సు మానేస్తరు, గటెన్క పెట్టె సర్దుకుంటరు. పొయ్యేటోళ్లు చెప్పి పోరు" అన్నది. గా దినం కెల్లి నేను గూడ రానోళ్లను సూసుడు నేర్సుకున్న. నాకు సదువు చెప్పినోళ్లు శానమంది లేరు గని, ఉన్నోళ్లల్ల ఆమె ఒకామె.

కొత్త పిల్లలు దిగిన దినాలల్ల సీనియర్లు ఒక మాట అడుగుతరు. నీ ర్యాంకెంత అని. గది కులం అడిగినట్టే. ర్యాంకు చెప్పంగనే, రిజర్వేషన్ల వచ్చినవా అని మూతి తిప్పుకుంటరు. ఒకనాడు నా బండి కాడ ఒక పోరడు ఒక కొత్త పిల్లను గట్లనే అడిగిండు. పిల్ల నేల సూపులు సూస్తాంది. నేను చాయ్ వడవోసే జాలి పైకి లేపి, "ఇగ ఈ బండి కాడ గూడ మార్కుల మీదనే చాయ్. పదో తర్గతిల లెక్కలల్ల ఎన్నొచ్చినయో గట్టిగ చెప్తేనే పోస్త. నువ్వే షురూ చెయ్ సారూ" అన్న. పోరడు నసిగిండు. వాని చేతుల ఖాళీ గిలాస పెట్టిన. "నీ మార్కులకు గింతే వస్తది" అన్న. అందరు నవ్విన్రు. మేడం గూడ సప్పుడు గాకుంట నవ్వింది. పిల్లలు పోయినంక మాత్రం, "నవ్వినోళ్లు మర్సిపోతరు తమ్మీ. వాడు మర్సిపోడు" అన్నది. గా మాట నాకు గప్పుడు తలకెక్కలే.

ర్యాంపు ముచ్చట గూడ చెప్పాలె. పోలియో కాలు పిల్లగాడొకడు మెట్ల మీద చేతులు పెట్టి పాకుతున్నడని మేడం ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి మెయిన్ బిల్డింగుకు ర్యాంపు కట్టిపిచ్చింది. సిమెంటు ఆరిందో లేదో దాని మీద మోటర్ సైకిళ్లు నిలవెట్టిన్రు. చెప్పి చెప్పి ఆమె నోరు నొచ్చింది. నేనొకనాడు పోయి అన్నిటి గాలి తీసిన. సార్లు లొల్లి లొల్లి చేసిన్రు. ఎవలు తీసిన్రో సూసినవా అని మేడంనడిగిన్రు. "కండ్లద్దాలు ఇంట్ల మర్సిన సార్" అన్నది. అద్దాలు ముక్కు మీదనే ఉన్నయి.

ఇగ ర్యాంకు అడిగిపిచ్చుకున్న పిల్ల. అచ్చంపేట అవతల, నల్లమల లోపటి చెంచు గూడెంకెల్లి వచ్చింది. వాళ్ల గూడెంల పీజీ దాక వచ్చినామె ఇదొక్కతే. మాట తక్కువ, చాయ్ ఎక్కువ. ఒకనాడు మేడం అడిగితే, "అడవి పిల్ల రాలే, నిన్న గూడ రాలే" అన్న. మేడం గిలాస సగంల ఇడిసి హాస్టల్‌కు నడిసింది. రూములోళ్లు ఆ పిల్ల పరుపు చుట్టి వరండల పడేసిన్రు, పొగ వాసన వస్తాందని. పిల్ల మెట్ల కింద పంటున్నది.

మేడం ఎవల్ని ఒక్క మాట అనలే. పరుపు మోసుకవోయి మల్ల గదే రూముల పరిచింది. దాని పక్కకు చాప ఏసుకోని తను గూడ ఆన్నే పన్నది. తెల్లారి అందర్ని తోలుకోని నా కాడికొచ్చి, "మా రూమోళ్లకు చాయ్ పొయ్యి తమ్మీ" అన్నది. రూములోళ్లు తలకాయలు వంచుకోని తాగిన్రు. "సీటు సర్కారు ఇచ్చింది. పక్కన పండనిచ్చేది మాత్రం మీరే" అన్నది వాళ్లతోని, గంతే.

పిల్ల ఎన్కకు నిలవడి, "మీరున్నదాక నేను ఈడ ఉంట మేడం" అన్నది.

మేడం ముఖం మారింది. "గట్లనకు బిడ్డా. నేనుండుడు కాదు, రూలుండాలె."

కొన్ని దినాలకు, సెల్లు ఎట్ల నడుస్తాందో సూడనీకి కార్లల్ల కమిటీ దిగింది. సెల్లు రూము తాళం తీసిన్రు, నేను వాళ్లకు చాయ్ పట్టుకోని తలుపు కాడ నిలవడ్డ. బూజు, దుమ్ము, పలిగిన కిటికి అద్దం. ఫిర్యాదులు రాసే రిజిస్టర్ల ఒక్క అచ్చరం లేదు.

"ఒక్క ఫిర్యాదు గూడ రాలేదా మేడం?"

"రాసిచ్చినోళ్లు లేరు సార్. భయపడ్తరు. గందుకే నేను చాయ్ బండి కాడ…"

వాళ్లు నా దిక్కు సూసిన్రు, ఒకల ముఖం ఒకలు సూసుకోని నవ్విన్రు. "మంచిదే గద, మన కాడ వివక్షే లేదన్నట్టు" అన్నడు పెద్దాయిన. సెల్లు ఒద్దు, వేరే విభాగంల కలిపేస్తే సరిపోతదని రాసుకోని పోయిన్రు.

గా మాపు ఆమె చాయ్ తాగలే. "తప్పు నాదే తమ్మీ. పిల్లలను కాపాడుతున్ననుకున్న. అంత ఈ కుర్సీల కూసోనే నడిపిన. నేనున్న జాగల రూలును నిలవెట్టలే. రేపు నేను లేకుంటే ఏం మిగుల్తది?"

"నేనున్న గద మేడం. నన్ను ఇన్‌చార్జి చెయ్యున్రి."

వేరే దినమైతే నవ్వేది. ఆ దినం గేటు దిక్కు సూసింది. ఆడ కొత్త కమాను కోసం గుంతలు తవ్వుతున్నరు. "నిన్ను మాత్రం ఎన్ని దినాలు ఉండనిస్తరు?" అన్నది. గటెన్క నెల తిరగకముందే పానం బాగలేక దవాఖానల పడ్డది. మల్ల కుర్సీ దిక్కు రాలే.

చౌటుప్పల్ పక్కన వాళ్ల ఊర్ల మట్టి చేసి మేము తిరిగొచ్చేసరికి రూముకు కొత్త తాళం పడ్డది. నీలం బోర్డు లేదు. మొలలు పీకిన పొక్కలున్నయి.

సంతాప సభల పెద్ద సారు మైకు పట్టుకోని, "మేడం ఉన్నన్ని దినాలు ఒక్క ఫిర్యాదు గూడ రాలే, గంత శాంతంగ నడిపిచ్చింది" అన్నడు. అందరు తలకాయలూపిన్రు. నేను ఎన్క నిలవడి ఇంటున్న. నేను ఖాళీ గిలాస పట్టిచ్చిన పోరడు ముందు వరుసల కూసున్నడు. ఇప్పుడు సార్ల ఎంబడి తిరిగే విద్యార్థుల కమిటీల వాడొక మెంబరు. మెల్లగ ఎన్కకు మల్లి నా దిక్కు సూసి నవ్విండు.

ఆ వారంలనే అడవి పిల్ల చాయ్‌కి రావుడు బందైంది. నేను హాస్టల్ దిక్కు పోదామని గిలాసలు సర్దుతుంటే, తనే ట్రంకు పెట్టె మోసుకుంట గేటు బైటికి వచ్చింది. బస్సులాగే జాగ నా బండి ముంగట్నే. అచ్చంపేట బస్సు వచ్చే యాళ్ల.

"గింత పెద్ద పెట్టేందే, మా యూనివర్సిటీని మడతపెట్టి తీస్కపోతున్నవా?" అన్న. పిల్ల నవ్వలే. పెట్టె కింద పెట్టి దాని మీదనే కూసున్నది.

"పరుపు మల్ల బైట పడేసిన్రు కాకా."

"వార్డెన్‌కు చెప్పినవా?"

"సర్దుకొమ్మన్నది." పెట్టె గొళ్లెం గట్టిగ ఒత్తింది. "నేను రాసిచ్చిన కాకా. పేరు రాసి, సంతకం పెట్టిన. రూలుండాలె అన్నది గద మేడం. పరుపు ముచ్చట, ర్యాంకు అడిగినోని ముచ్చట, అంత రాసిన."

"ఎవలికిచ్చినవ్?"

"ఎవలికియ్యాలె? రూముకు తాళమున్నది. పలిగిన అద్దం సందుకెల్లి లోపటికి ఇడిసిన."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కుతవా అమ్మా అని కండక్టర్ తలుపు కాడికెల్లి అడిగిండు. పిల్ల లేచింది. వంగి పెట్టె పట్టుకున్నది. అట్లనే ఉండి, మల్ల కూసున్నది. "రేపటిదాక సూస్త" అన్నది, మెల్లగ. బస్సు పోయింది. నేను చాయ్ పోసి పిల్ల చేతుల పెట్టిన.

తెల్లారి పొద్దుగాల, ఊడ్సెటోళ్లు రాకముందే, నేను పోయి గా కిటికిల తలకాయ పెట్టి సూసిన. కాయితం లేదు. నేల మీద శాన దినాల దుమ్ము, దుమ్ముల బూట్ల అడుగులు. తలుపు కాడికెల్లి సక్కగ కిటికి దాక వచ్చినయి. ఎవలో తాళం తీసి వచ్చిన్రు. తీస్కపోయి పెద్ద సారు మేజ మీద పెట్టిన్రో, చింపి పారేసిన్రో, జేబుల పెట్టుకున్నరో నాకు తెల్వదు. కిటికి కింద రెండడుగులు పక్కపక్కన ఆగినయి, మొనలు నా దిక్కు. ఆడ నిలవడి ఎవలో బైటికి సూసిన్రు. ఆడికెల్లి ఏం కనవడ్తదో సూద్దామని నేను ఎన్కకు మల్లిన. గేటు కనవడ్డది. గేటు అవతల నా బండి. బండి పక్కన, పెట్టె మీద కూసోని, ఆ పిల్ల.