పూజలో పెట్టిన గ్లవ్

ట్రాఫిక్ కాలనీలో ఎర్రయ్యని పిచ్చివాడని ఎవరూ అనరు. ఆ మాట అనే హక్కు ఒక్క నూకాలమ్మది. పెళ్ళాంగా ఆ హక్కుని ఆమె రోజుకి రెండుసార్లయినా వాడుకుంటుంది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసి, ఇంకో ఏడు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఆదివారం పూట ఇంటిపట్టున ఉండక బేస్‌బాల్ జట్టు నడుపుతాడు. క్రికెట్ కాదు, ఫుట్‌బాల్ కూడా కాదు. బెంగాల్లో పుట్టి పెరిగి ఫుట్‌బాల్ వద్దన్నవాడిని ఏమనాలో మీరే చెప్పండి.

ఆ పిచ్చి అంటుకున్న తీరు కూడా విచిత్రమే. పాతికేళ్ళ క్రితం ఆటల సామానని రాసున్న పెట్టె ఒకటి దారి తప్పి వచ్చి పార్సిల్ ఆఫీసులో దిగింది. తెరిస్తే దుడ్డుకర్రల్లాంటి బ్యాట్లు, చేటంతేసి తోలు గ్లవ్‌లు. ఎన్నాళ్ళయినా అడగడానికి ఎవరూ రాలేదు. చివరికి ఆటల ఆఫీసరొకాయన "ఎవరైనా ఆడి చూడండయ్యా" అన్నాడు. పదిమంది చూసి నవ్వి వెళ్ళిపోయారు. ఎర్రయ్య మాత్రం అక్కడే ఉండిపోయాడు.

అప్పటినుంచీ జట్టు ఉంది. గెలుపే లేదు, ఈ మూడేళ్ళుగా ఒక్కటంటే ఒక్కటి కూడా. పిచర్ అంటే బంతి విసిరేవాడు. ఆ ఆటకి ఆయువుపట్టు వాడే. ఉన్న ఒక్క పిచరు సాయికుమార్ భువనేశ్వర్లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఎనిమిది మంది. తొమ్మిదోవాడు దొరక్కపోతే ఈ ఏడు పోటీల్లో జట్టు పేరు రాయించడానికే లేదు. రిటైరయ్యేలోగా ఒక్క గెలుపు కళ్ళజూడాలని ఎర్రయ్య ఆశ. జట్టు చచ్చిపోగా చూసి రిటైరవాల్సి వస్తుందేమోనని బెంగ. ఆ బెంగ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్దే మళ్ళీ మళ్ళీ కలుపుతుంటే నూకాలమ్మకి తెలియకుండా ఉంటుందా?

సరిగ్గా అప్పుడే మోరిత సంగతి తెలిసింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి వచ్చిన జపాన్ ఇంజనీరు. వాళ్ళ దేశంలో కంపెనీ జట్టుకి పేరు మోసిన పిచరట. ఆయన బంతి విసురుతాడంటే జనం పని మానుకుని వచ్చేవారట. అక్కడ పనిచేసే మన కాలనీ వాళ్ళు మోసుకొచ్చారీ కబురు. ఇక టీ కొట్టు దగ్గర లెక్కలే లెక్కలు. జపాను దొర ట్రాఫిక్ జట్టుకి ఆడడానికి రూపాయిలో పావలా వంతు అవకాశం కూడా లేదని అందరూ తేల్చేశారు. ఎందుకంటే ఐఐటీ జట్టు కూడా ఆయన వెంట పడింది. వాళ్ళకి పచ్చటి మైదానం, కొత్త సామాను. మనకి ఆవులు మేసే మైదానం, పార్సిల్ ఆఫీసు గ్లవ్‌లు.

ఎర్రయ్య ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రెండుసార్లు మిఠాయి పొట్లంతో వెళ్ళి, సెక్యూరిటీ వాళ్ళకే పెట్టేసి వచ్చాడు. మూడోసారి మోరిత కనబడ్డాడు గానీ మాట కుదరలేదు. ఎర్రయ్యకి తెలుగు, బెంగాలీ, హిందీ, కాస్త ఒడియా వచ్చు. ఆ నాలుగింటిలో ఏదీ జపాను దాకా పోదు. జపనీస్ నేర్చుకుంటున్నవాడు ఊరంతటికీ ఒక్కడే. దీక్షిత్ అని, కరీంనగర్ నుంచి వచ్చి ఐఐటీలో చదువుతున్నాడు. ఆ ఐఐటీ జట్టుకి కెప్టెన్ కూడా వాడే. రాయబారీ వాడే, పోటీదారూ వాడే. ఎర్రయ్యకి గత్యంతరం లేదు.

"అంకుల్, నేను ఉన్నదున్నట్టే చెప్త. మా జట్టు కోసం ఒక్క మాట గూడ మార్చ" అన్నాడు దీక్షిత్. అన్నట్టే చేశాడు కూడా. మోరిత విని చెప్పిన మాట ఇది: "రెండు చోట్లా పదేసి బంతులు విసురుతాను. నా బంతి పట్టే చెయ్యి ఎలాంటిదో చూడాలి. అది చూశాకే సంతకం."

"అయితే పదిహేడో తారీకున మా కాలనీకి రమ్మను. సెలవు. పొద్దున మా దగ్గర ఇసిరి, బోయినం సేసి, మజ్జాన్నం మీ దగ్గరికి ఎల్లొచ్చు" అన్నాడు ఎర్రయ్య. ఆటగాళ్ళ సంతకాలతో పోటీల ఫారం ఇవ్వడానికి గడువు కూడా ఆ సాయంత్రం ఐదింటికే.

ట్రాఫిక్ కాలనీ వాళ్ళంతా ఇంతే. చుట్టాన్ని పిలవాలంటే ముందు విస్తరి గురించి ఆలోచిస్తారు, మిగతాది తర్వాత. సెప్టెంబరు పదిహేడు విశ్వకర్మ పూజ. ఆ రోజు వర్క్‌షాపులో ప్రతి పనిముట్టూ పూజలో ఉంటుంది. మర్నాడు పొద్దుటి దాకా పానా కూడా ఎవరూ ముట్టుకోరు. ఆ అలవాటునే ఎర్రయ్య జట్టుకీ తెచ్చాడు. మైదానం పక్క సామాన్ల గదిలో చిన్న విగ్రహం, దాని ముందు బ్యాట్లు, బంతులు, గ్లవ్‌లు. "తోలుముక్కలకి బొట్లేటయ్యా, ఊరు నవ్వుతాది" అని నూకాలమ్మ ఏటేటా అంటూనే వాటికి బొట్లు పెడుతుంది. పండగ అని పిలిచాడు, పులిహోర చేయించాడు. ఆ రోజున బంతి ముట్టుకోకూడదన్న సంగతి మాత్రం, పొద్దున్నే పూజ అయిపోయి హారతి పళ్ళెం కింద పెట్టాక గానీ ఆ మహానుభావుడికి గుర్తు రాలేదు.

అప్పటికి మోరిత గుమ్మంలో ఉన్నాడు. పక్కన దీక్షిత్. బయట ఆకాశం నిండా పూజ రోజు గాలిపటాలు.

"బాబూ, పెద్ద తప్పు సేసినాను" అన్నాడు ఎర్రయ్య దీక్షిత్‌తో. "ఇయ్యాల ఇవి తియ్యడానికి నేదు. రేపొస్తాడేమో అడుగు." గడువు ఇవాళే అని అడగమన్నవాడికీ తెలుసు, అడగాల్సినవాడికీ తెలుసు.

మోరిత ఆ మాట సగం విన్నాడో లేదో. బొట్లు పెట్టిన గ్లవ్‌ల వంకే చూస్తున్నాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, నడుము దాకా వంగి దండం పెట్టాడు. సంచీలోంచి తన గ్లవ్ తీశాడు. వాడి వాడి నల్లబడిన తోలు. ఎవరైనా నోరు తెరిచేలోగా దాన్ని మిగతావాటి పక్కన పెట్టేశాడు. నూకాలమ్మ చేతిలో కుంకుమ భరిణె ఉంది. అలవాటు చొప్పున దానికీ ఒక బొట్టు పెట్టేసింది.

దీక్షిత్ మొహం పాలిపోయింది. మూడింటికి మోరిత తమ మైదానంలో విసరాలి, ఆ గ్లవ్ చూస్తే రేపటిదాకా పూజలోనే.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. నిమ్‌పురా రైల్వే షెడ్డులో పనిచేసే ప్రేమ్‌కుమార్, పిచర్ విసిరిన బంతి పట్టే జట్టు క్యాచరు, ఎర్రయ్యని పక్కకి లాగాడు. "మామయ్యా, దేవుడే సేసినాడిది. మనం ఏటీ సెయ్యక్కర్నేదు, ఊరుకుంటే సాలు. ఆ గ్లవ్ నేకుండా ఆయన అక్కడా ఇసరడు. ఇద్దరం సమానం. ఐదింటికి మన పులిహోర తిన్న సెయ్యి మన ఫారం మీదే సంతకం పెడతాది. రూపాయిలో పన్నెండణాలు మనదే!"

అబద్ధమెందుకు, ఎర్రయ్యకి ఆశ పుట్టింది. ఊరుకోవడం తప్పెలా అవుతుంది? నియమం తను కల్పించింది కాదు. తన కోసం సడలించనిది ఇంకొకడి కోసం ఎందుకు సడలించాలి? చేసేవి ఇంకో ఏడు నెలలు. ఒక్క గెలుపు. ఇలా ఎన్ని చెప్పుకున్నా, అవతల పులిహోరలో మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతున్న ఆ మనిషిని చూస్తే మనసొప్పలేదు. అతను గ్లవ్‌ని అక్కడ పెట్టింది దండం పెట్టుకోవడానికి గానీ, కట్టుబడిపోవడానికి కాదు. ఆ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు.

ఎర్రయ్య లేచి చేతులు కడుక్కుని గదిలోకెళ్ళాడు. విగ్రహం ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చెంపలూ వేసుకున్నాడు. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి పూజలో ఉన్న వస్తువు మీద చెయ్యేశాడు. గ్లవ్‌ని రెండు చేతులతో తెచ్చి మోరితకి అందించాడు.

"నీకేటైనా మతి ఉన్నాదా?" నూకాలమ్మ అడ్డం వచ్చింది. "మన బంతి తియ్యడానికి సెయ్యి రానేదు, పరాయోడికైతే వొచ్చినాదా?"

"మన సామాను, మన నియమం. ఆయన సామానుని కట్టెయ్యడానికి నానెవున్ని?" అన్నాడు ఎర్రయ్య.

మోరిత ఏమైందని అడిగాడు. దీక్షిత్ ఉన్నదున్నట్టే చెప్పాడు, తన చెవిన పడ్డ ప్రేమ్‌కుమార్ లెక్కతో సహా. మోరిత గ్లవ్‌ని చాలాసేపు చూసుకున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. మాట మాటే కదా, పదేసి బంతులన్నాడు, విసిరింది ఒక్కచోటే. సాయంత్రం ఐదింటికి ఐఐటీ ఫారం మీద సంతకం పెట్టాడని తెలిసింది. నూకాలమ్మ ఆ రాత్రి మొగుడితో మాట్లాడలేదు. పక్కింటి సరోజమ్మ ఒక్క మాట ఎగతాళిగా అంటే మాత్రం ఆవిడ మీద విరుచుకుపడింది.

తొమ్మిదోవాడిగా ఎర్రయ్య తన పేరే రాయించుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి ఎండలో బేస్ దగ్గర నిలబడ్డాడు, ప్రేమ్‌కుమార్ వచ్చినంతలో బంతి విసిరాడు. అన్నీ ఓడారు. ఐఐటీ చేతిలో అయితే పద్నాలుగు సున్నా. ఆ రోజు బ్యాట్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఎర్రయ్యకి మోరిత బంతి ఒక్కటీ కనబడలేదు. అతని గ్లవ్ మీద కుంకుమ బొట్టు మాత్రం కనబడింది. చెమటకి మాసింది గానీ, తుడిచింది కాదు.

ఏప్రిల్లో ఎర్రయ్య రిటైరయ్యాడు. మళ్ళీ సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ వచ్చింది. ఫారంలో ఎనిమిది పేర్లు రాసి, తొమ్మిదో గీత దగ్గర కలం ఆపి కూర్చున్నాడు. మోకాళ్ళు ఈ ఏడు ఒప్పుకునేలా లేవు. పూజ ఇంకా మొదలవలేదు. గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడైంది.

మోరిత ఒక్కడే వచ్చాడు. దీక్షిత్ చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. వంగి దండం పెట్టి, గ్లవ్‌ని మిగతావాటి పక్కన పెట్టి, నూకాలమ్మ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె బొట్టు పెట్టింది.

"తియ్యడానికి రేపటిదాకా నేదు బాబూ" అని చెప్పి, ఎర్రయ్య అదే మాట హిందీలో కూడా చెప్పాడు, ఈసారి ముందుగానే.

"రేపు" అన్నాడు మోరిత తెలుగులో. ఎక్కడ నేర్చుకున్నాడో. ఫారం తన వైపు తిప్పుకుని తొమ్మిదో గీత మీద సంతకం పెట్టాడు.

"బంతి... పట్టే చెయ్యి చూడకుండానే?" అని ఎర్రయ్య వచ్చీరాని సైగలతో, హిందీతో అడిగాడు.

మోరిత ఎర్రయ్య కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో నేర్చుకున్న హిందీ ముక్కలు కూడబలుక్కుని, "హాత్ దేఖ్ లియా. పిఛ్లే సాల్" అన్నాడు. ఆ చెయ్యి నిరుడే చూశానని.

నూకాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఈసారి పులిహోరలో మిరపకాయలు ఏరెయ్యాలని వంటింటివైపు వెళ్ళింది.