పచ్చరంగు వేసిన సందు

మా పిన్నిని కాలేజీలో అందరూ లెవెలమ్మ అంటారు. సివిల్ విభాగంలో సర్వే ల్యాబ్ అటెండరు. పరికరాలు తుడవడం, విద్యార్థులకు ఇచ్చి పుచ్చుకోవడం, రిజిస్టరు రాయడం ఆమె ఉద్యోగం. అసలు పని మాత్రం ఎండలో అంకెలు వేసిన నాలుగు మీటర్ల కర్ర పట్టుకుని నిలబడటం. దూరంగా స్టాండు మీద పెట్టిన లెవెల్ అనే దుర్భిణిలోంచి ఒకరు ఆ కర్ర మీది అంకె చదివితే, ఆ చోటు ఎంత ఎత్తో ఎంత పల్లమో తెలుస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఆ కర్ర పట్టుకుంటూనే ఉంది. ఆమె కర్ర పట్టగా చదువు గట్టెక్కినవాళ్లు ఎందరో ఇంజనీర్లయ్యారు. ఒక్కరూ మళ్లీ వచ్చి పలకరించిన పాపాన పోలేదు.

ఆమెకు రెండు పట్టింపులున్నాయి. కర్రను మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతుంది. కొత్త పిల్లలు "కదలకుండా పట్టుకో ఆంటీ" అని అరుస్తారు. "ఊపేటప్పుడు అన్నిటికంటే చిన్న అంకె రాసుకోండ్రా, కర్ర నిలువుగా ఉండేది అప్పుడే" అని ఆమె అంతకంటే గట్టిగా అరుస్తుంది.

రెండోది కొలతల పుస్తకం. ఎండకు బద్ధకించి హాస్టల్ గదిలో ఫ్యాన్ కింద కూర్చుని అంకెలు పుట్టించడాన్ని మా వాళ్లు వండటం అంటారు. వండిన పుస్తకాన్ని పిన్ని అట్ట చూసే పట్టేస్తుంది. దానికి చెమట మరకలుండవు. తెరిస్తే మరీ తేలిక. కొలుచుకుంటూ ఊరంతా తిరిగి బయలుదేరిన చోటికే వస్తే, నిజం కొలతలో ఆ చోటి ఎత్తు మొదట రాసినదానికి నాలుగైదు మిల్లీమీటర్లయినా తేడా వస్తుంది. వండిన దాంట్లో సున్నా వస్తుంది.

ఇదంతా వింటూ పెరిగినదాన్ని నేను. అమ్మ పోయాక పిన్నే నన్ను పెంచింది. ఆమె పనిచేసే కాలేజీలోనే సీటొస్తే హాస్టల్లో చేరాను. అందుకే ఇప్పుడు చెప్పబోయేది తలుచుకుంటే అందరికంటే ముందు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆఖరి ఏడాది మా నలుగురికీ ఇచ్చిన పరిశోధన, మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తో వాననీటి కాలువలకు దారి చూపడం. మున్సిపాలిటీ దగ్గర పదకొండు సందుల జాబితా ఉంది. ఈ ఏడాది నాలుగింటికే కాలువ వేయగలరు. ఏవి బాగా పల్లమో మా నివేదిక చెప్పాలి. ఉపగ్రహం కొలిచిన ఎత్తులు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. దించుకుని సాఫ్ట్‌వేర్‌లో వేశాం. పల్లానికి ఎరుపు, ఎత్తుకు పచ్చ. కుర్చీలోంచి లేవకుండా ఊరంతా కొలిచేశామని మురిసిపోయాం.

నివేదికలో ఇంకో పట్టిక కూడా ఉండాలి. ఇరవై చోట్ల స్వయంగా వెళ్లి లెవెల్‌తో కొలిచి, సాఫ్ట్‌వేర్ చెప్పింది నిజమేనని చూపాలి. ఆ పట్టిక నా వంతు. సాఫ్ట్‌వేర్ అంకెకు ఒక సెంటీమీటరు కలిపి, ఇంకోదానికి రెండు తీసేసి, గంటలో వండేశాను. అందులో పదిహేడో నంబరు మా పిన్ని ఉండే సందు. మ్యాపులో అక్కడ పచ్చరంగు చూసి ఒక్క క్షణం ఆగాను. ఉపగ్రహానికి తెలియనిది నాకేం తెలుసనుకుని ముందుకు వెళ్లిపోయాను. ఆ సందులోంచే మోకాలి లోతు నీళ్లలో పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని బడికి వెళ్లినదాన్ని!

శనివారం మ్యాపు ల్యాబ్ గోడ మీద అంటించాం. పిన్ని లెన్సు తుడుస్తూ వచ్చి దాని ముందు ఆగింది.

"ఇది మన సందు కదే?"

"ఊఁ."

"పచ్చరంగంటే ఏంటి?"

"ఎత్తు. నీళ్లు నిలవవని."

పిన్ని నవ్వింది. కోపమొస్తే ముందు నవ్వుతుంది. "అయితే పోయినేడు మన ఖాళీ సిలిండరు వీధిలోకి ఈదుకుంటూ పోయింది షికారుకా?"

నివేదిక అందుకుని పట్టిక తీసింది. వేలు పెట్టి ఒక్కో అంకే చూసుకుంటూ కిందికి వెళ్లింది. చివర తేడా దగ్గర వేలు ఆగింది. సున్నా.

"లెవెల్ ఏ రోజు పట్టుకెళ్లారు? నా రిజిస్టర్లో లేదే."

నేను నివేదిక వెనక్కి లాక్కోబోయాను.

"వండావా?"

తలూపాను.

"మన సందు కూడానా?"

రెండు దెబ్బలు వేసినా బాగుండేది. మళ్లీ లెన్సు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కూర్చుని వెతికాను. ఉపగ్రహం ముప్ఫై మీటర్ల గడికి ఒకే ఎత్తు చెబుతుంది. పైనుంచి చూసేదానికి కనిపించింది నేల కాదు. మా సందులో మూడంతస్తుల ఇళ్లు భుజాలు రాసుకుంటూ ఉంటాయి. వాటి డాబాలు కలిసిపోయి అంకె పైకి లేచింది. డాబా ఎత్తును నేలకు అంటగట్టి, పల్లాన్ని గుట్ట చేసి కూర్చున్నాం. నిజంగా వెళ్లి కొలిచి ఉంటే పది నిమిషాల్లో బయటపడేది.

ఆదివారం పొద్దున్నే పిన్ని ల్యాబ్ తెరిచింది. లెవెల్‌ను రిజిస్టర్లో రాసి, నా చేత సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చింది. మిగతా ముగ్గురికీ ఫోన్ చేస్తే ఒకడికి జ్వరమట, ఒకడు ఊళ్లో లేడట, మూడోవాడు ఎత్తనే లేదు. పదకొండు సందులూ మేమిద్దరమే తిరిగాం. అంకెలు తప్ప పిన్ని నాతో వేరే మాట మాట్లాడలేదు. ఆఖరుకు మా గుమ్మంలో కర్ర పెట్టి ఊపుతూ నిలబడింది. లెవెల్‌లోంచి చూస్తే కర్ర వెనక గోడ కనిపించింది. ఏటా నీళ్లు ఎంతవరకు వచ్చాయో పిన్ని మేకుతో గీసిన గీతలు. తొమ్మిదున్నాయి. పరికరాలన్నీ పెట్టుకుని మేం కొలవనిది ఆమె మేకుతో కొలిచి పెట్టింది.

పదకొండులో మా సందే అన్నిటికంటే పల్లం. నేను వండిన అంకెకు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు కింద. బయలుదేరిన చోటికి తిరిగొచ్చి చూస్తే తేడా ఆరు మిల్లీమీటర్లు.

సోమవారం కొలతల పుస్తకం సార్ ముందు పెట్టాను. ఆ పరిశోధనకు గైడ్ ఆయనే. మనిషి తెలివితక్కువవాడేం కాదు, చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. అందుకే నాకింకా మండింది.

"నివేదిక సాయంత్రం మున్సిపాలిటీకి వెళ్లాలి. పరిమితులు అని ఒక చాప్టరుంది కదా, అందులో ఒక వాక్యం రాసెయ్."

"ఆ వాక్యం చదివి కాలువ తవ్వుతారా సార్?"

"గొంతు తగ్గించు. పట్టిక వండామని ఒప్పుకుంటే నలుగురూ ఫెయిలు. కింద నా సంతకముంది." ఆయన పిన్నిని పిలిపించారు. "రిజిస్టరు తేమ్మా. నివేదికతో పాటు పంపాలి. పోయిన నెల్లో ఏదో ఒక శని, ఆదివారం వీళ్లకి లెవెల్ ఇచ్చినట్టు రాసెయ్. మీ అమ్మాయి డిగ్రీ సంగతి, ఆలోచించుకో."

పిన్ని పెన్ను తీసింది. నా కోసం ఆమె ఆ పని కూడా చేసేస్తుందని భయం వేసింది. చేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆ క్షణానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

"రాయకు పిన్నీ" అన్నాను. ఆమె నావైపు చూడలేదు. నింపాదిగా రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు సార్ వైపు తిప్పింది.

పోయిన నెల లెవెల్ ఈ బ్యాచికి ఇవ్వలేదు. నిన్న ఇచ్చాను. కొలతల పుస్తకం జతచేశాను. అంతే ఉంది.

పేజీలకు నంబర్లు వేసిన రిజిస్టరు అది, చించడానికి లేదు. సార్ ముఖం కందగడ్డలా అయింది. "కన్నబిడ్డ లాంటిదాని బతుకు పాడు చేస్తావా? నీ ఉద్యోగం కూడా కాంట్రాక్టే, మర్చిపోకు."

"దాని డిగ్రీ ఆర్నెల్లు ఆలస్యంగా వస్తుంది సార్. వాన ఆలస్యంగా రాదు."

పుస్తకం, రిజిస్టరు నేనే మున్సిపాలిటీకి పట్టుకెళ్లి, పట్టిక వండింది నేనేనని చెప్పాను. నలుగురమూ ఫెయిలయ్యాం. ఆ ముగ్గురూ నన్ను చూస్తే తల తిప్పుకుంటారు. సార్ సంతకానికి మాత్రం ఏమీ కాలేదు. పిన్ని కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఇంకా సంతకం కాకుండా ఆయన బల్ల మీదే ఉంది. మున్సిపాలిటీవాళ్లు వచ్చి మళ్లీ కొలుచుకున్నారు. వచ్చిన కుర్ర ఇంజనీరు మా కాలేజీవాడే. "కర్ర కదలకుండా పట్టుకోమ్మా" అని పిన్నినే అరిచాడు.

మా సందు జాబితాలో మొదటిదైంది. కానీ ఈ గొడవలో నెలన్నర పోయింది. కాలువ ఇక వానలు వెళ్లాకే తవ్వుతారట. అంటే ఈ ఏడాదికి నీళ్లు తప్పవు.

ఆ సంగతి తెలిసిన రోజు పిన్ని సామాన్లు అటక మీదికి ఎక్కిస్తోంది. కింద నుంచి అందిస్తున్నాను. ఆమె దిగి వచ్చి, గూట్లోంచి తుప్పు పట్టిన మేకు తీసి నా చేతిలో పెట్టింది.

"ఈసారి గీత నువ్వే గియ్యి" అంది. "నీళ్లెంత వరకు వస్తే అంత వరకే."