మక్కల మీద పడితే ఔట్

మా జట్టులో ఒక ఆటగాడి కాలం తీరిందని ఎవరూ నోటితో చెప్పరు. "ఈ వారం నువ్వు నిలబడు" అంటారు, అంతే.

ఈ మాట వెనక ఒక అలవాటు ఉంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌లలో యాభై దాటినవాళ్లం మూడు జట్లుగా ఏర్పడి ఆదివారం పొద్దున క్రికెట్ ఆడుకుంటాం. టెన్నిస్ బంతి, పన్నెండు ఓవర్లు, బౌలింగ్ ఎప్పుడూ ఒకే కొన నుంచి, ఒక వారం ఒక ఊరు. అంపైరు బయటి నుంచి రాడు. బ్యాటింగ్ చేసే జట్టే తన మనిషిని ఒకణ్ని పంపాలి. అతను ఆ రోజు బ్యాటు పట్టడు. రెండు వారాలు వరసగా అంపైరుగా నిలబడ్డవాడు ఇక తిరిగి ఆడింది లేదు. మా వనపర్తి జట్టులో అలా ముగ్గురున్నారు. ముగ్గురూ బాగున్నారు. ఆదివారం ఠంచనుగా వస్తారు, టీ తాగుతారు, ఏది వైడో ఏది కాదో మాకంటే గట్టిగా వాదిస్తారు. బ్యాటు మాత్రం ముట్టుకోరు.

నాలుగోవాడు ఎవరన్నది మొన్న దసరా తర్వాత తేలాల్సి వచ్చింది. అందరి చూపూ మా లైన్‌మన్ మీదే ఉంది.

అతను కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు, రిటైర్మెంటుకు ఏడాది ఉంది. స్తంభాలెక్కి ఎక్కి భుజాలు బండల్లా తయారయ్యాయి. అతనికి ఉన్నది ఒకే ఒక్క షాటు. ఎడమ కాలు పక్కకు తీసి, బంతిని మోకాళ్ల మీద నుంచి ఎత్తి కుడివైపు నుంచి ఎడమవైపుకు, లెగ్ సైడు బౌండరీ అవతలికి పంపడం. బౌలర్ ఎక్కడ వేసినా బంతి అటే పోయేది. ఆఫ్ సైడు అనేది ఒకటుందని అతనికి తెలుసునో లేదో నాకు అనుమానమే. బంతి గోడ దాటితే చూసేవాళ్లు "కరెంటొచ్చింది!" అని అరిచేవాళ్లు. నేను ఒక దినపత్రికకు ముప్పై ఏళ్లు వార్తలు రాశాను. 'చెలరేగాడు' అనే మాటను ఎంతమందికో ఉదారంగా పంచిపెట్టాను. నిజంగా ఆ మాటకు తగ్గ మనిషిని చూసింది మాత్రం ఇతన్నే.

నిరుడు వానాకాలం నుంచి ఆ షాటు తగలడం మానేసింది. బ్యాటు అదే వేగంతో తిరిగేది, అంతే గుండ్రంగా తిరిగేది. తిరగడం పూర్తయ్యేసరికి బంతి కీపర్ చేతిలో ఉండేది. గద్వాల కీపర్ ఒకసారి వెనక నుంచి అన్నాడు:

"పెద్దాయనా, మంచిగ గాలొస్తుంది. ఇంకోటి తిప్పు, జర సల్లగైత."

చూసేవాళ్లు ఇప్పుడు "కరెంటు పోయింది!" అని అరవసాగారు. అతను నవ్వేవాడు. నవ్వి, నా పక్కన కూర్చుని, బ్యాటు కింద పెట్టకుండా ఒకప్పుడు బంతి పోయిన దిక్కే చూసేవాడు.

మా కెప్టెన్ జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్. మనిషి మంచివాడే కానీ ప్రతి సమస్యా విద్యార్థి శ్రద్ధ చూపకపోవడం వల్లే వస్తుందని ఆయన నమ్మకం. ఒక సాయంత్రం లైన్‌మన్‌ను పిలిచి చెప్పాడు.

"నీ వయసుకు సిక్స్ గాదయ్యా, సింగిల్ కావాలె. చూసి ఆడు."

"ముప్పై ఏండ్ల సంది చూడకనే కొట్టిన్నా సార్?"

"అప్పుడు చూడకున్నా తగిలింది. ఇప్పుడు చూడాలె."

లైన్‌మన్ చూడటానికే సిద్ధపడ్డాడు. ముందుగా కళ్ల దవాఖానకు పోయి రెండంతస్తుల అద్దాలు తెచ్చుకున్నాడు. వాటితో ఒక మ్యాచ్ ఆడాడు. బంతి పైఅద్దంలో నిమ్మకాయంత ఉండి, కింది అద్దంలోకి దిగేసరికి బత్తాయంత అవుతోందని, ఏ పండును కొట్టాలో తెలియక వదిలేశానని చెప్పాడు. అద్దాలు పెట్టెలోకి పోయాయి.

తర్వాత కొత్త పద్ధతి మొదలైంది. పొద్దున్నే వాళ్లింటి వాకిట్లో నేను బంతి విసరడం, అతను మోచెయ్యి పైకెత్తి బ్యాటు నిలువుగా పెట్టి ఆఫ్ సైడుకు మెల్లగా నెట్టడం. అంత పెద్ద మనిషి అలా వంగి, మూతి బిగించి బంతిని ముట్టుకుంటుంటే నిద్రపోతున్న పసిపిల్లను పక్కకు జరుపుతున్నట్టు ఉండేది. లైన్‌మన్ భార్య బట్టలారేస్తూ రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు నాతో అంది:

"అన్నా, ఈయన బ్యాటు వడుతుండో, బంతికి దండం వెడుతుండో తెల్వకుంటుంది."

"కొత్త పద్ధతమ్మా" అన్నాను.

"పాత పద్ధతిల ఔటైనా మంచిగ తింటుండె. ఇప్పుడు ఔటు గాక గూడ తింటలేడు."

ఆ వారం గద్వాలతో మ్యాచ్‌లో కొత్త పద్ధతి బయటికి వచ్చింది. పద్నాలుగు బంతుల్లో నాలుగు పరుగులు చేశాడు. ఒక్కో పరుగుకూ మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. మ్యాచ్ పోయింది. హెడ్మాస్టర్ సార్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"చూసి ఆడమన్న గని, మరీ గంత చూడొద్దయ్యా."

"మరి ఎంత చూడాలె సార్?"

సార్ టీ గ్లాసు ఖాళీ చేశాడు. "నాగర్‌కర్నూల్ మ్యాచ్ దాకా చూద్దాం. తర్వాత..." అని ఆపేశాడు. ఆ తర్వాత ఏమిటో పదకొండు మందికీ తెలుసు. అప్పటికే నిలబడుతున్న ముగ్గురిలో ఒకాయన లేచి లైన్‌మన్ భుజం తట్టి "ఏం గాదు, అలవాటైతది" అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు పాపం. లైన్‌మన్ ఆ రోజు మాతో జీపెక్కకుండా బస్సుకు పోయాడు.

నాగర్‌కర్నూల్‌కు ఆదివారం పొద్దున జీపులో బయల్దేరాం.  బిజినేపల్లి దాటాక లైన్‌మన్ నన్ను మెల్లగా అడిగాడు.

"బావా, నిజం చెప్పు. పాత షాటు కొట్టి ఔటైతే మంచిగుంటదా, నిలబెట్టి పది చేసి పోతే మంచిగుంటదా?"

ముప్పై ఏళ్లు ప్రశ్నలు అడగడమే నా పని. జవాబులు చెప్పడం అలవాటు లేదు. "గ్రౌండ్ చూద్దాం పద" అన్నాను.

గ్రౌండ్ చూసి జీపులో ఉన్నవాళ్లందరం ఒక్కసారే దిగిపోయాం. లెగ్ సైడు సగానికి పైగా పసుపుపచ్చటి మక్కజొన్న గింజలు. ఎవరో రైతులు పట్టాలు పరిచి ఆరబోశారు. పంట కోసిన రోజుల్లో మా దిక్కు రోడ్డయినా, బడి ఆవరణ అయినా, ఆటస్థలమైనా ఎండ పడే ప్రతి జాగా కల్లమే. దాన్ని తప్పుపట్టేవాడు మా దగ్గర పుట్టలేదు. ఆ చివర గొడుగు కింద డెబ్బై ఏళ్ల అవ్వ ఒకతె కట్టె పట్టుకుని కూర్చుని ఉంది. కోళ్లకూ మేకలకూ కాపలా. ఆ రోజు మాకు కూడా.

నాగర్‌కర్నూల్ కెప్టెన్ ఆమె దగ్గరికి పోయి ఏదో బతిమాలి, తిరిగొచ్చి నిబంధన చెప్పాడు.

"మక్కల మీద ఎగిరి పడితే ఔట్. దొర్లుకుంట పోతే రెండు పరుగులు, ఉరుకుడు అవసరం లేదు. ఎవ్వలు గూడ మక్కల్ల అడుగు పెట్టొద్దు. బంతి అవ్వనే విసురుతది."

హెడ్మాస్టర్ సార్ బేరం లేకుండా ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ లైన్‌మన్ వైపు చూశాడు. ఇన్ని నెలలూ తను చెప్పలేని పాఠం ఎవరివో మక్కలు చెబుతున్నాయన్న సంతోషం ఆయన ముఖంలో దాగలేదు.

వాళ్లు మొదట ఆడి డెబ్బై నాలుగు కొట్టారు. మాకు డెబ్బై అయిదు కావాలి. లైన్‌మన్ ఆరో ఓవర్లో దిగాడు. మొదటి బంతి, సరిగ్గా మోకాళ్ల మీదికి, పాత రోజుల్లో అయితే ఊరు దాటే బంతి. బ్యాటు సగం లేచింది. కళ్ల ముందు పచ్చగా మక్కలు కనబడ్డాయి కాబోలు, సగంలో ఆగి, మణికట్లు కిందికి తిప్పాడు. బంతి నేలకు అతుక్కుని ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి దొర్లి మక్కల్లో ఆగింది. రెండు పరుగులు. అతను అంగుళం కదల్లేదు.

అవ్వ లేచి, బంతి తీసి, కట్టెతో గింజలు సర్ది, విసిరింది.

"ఏం కొడుకా, తలకాయ నెరిసింది, ఇంక ఈ ఆటేంది?"

"ఇదే ఆఖరేమో అవ్వా!" అన్నాడు అతను. మేం నవ్వాం. అతను నవ్వలేదు.

మళ్లీ అదే బంతి, మళ్లీ రెండు. నాగర్‌కర్నూల్ కెప్టెన్ మక్కల అంచుకు ఇంకో మనిషిని తెచ్చాడు. లైన్‌మన్ ముందు వాళ్లు ఎక్కడున్నారో చూసుకుని, తర్వాత బంతిని చూసి, మధ్యలో నుంచి దొర్లించాడు. రెండు. మోకాళ్లకు పని లేదు, ఆయాసం లేదు. మక్కలు కాపాడటానికి పెట్టిన రూలు మా వాణ్ని కాపాడుతోంది. నాగర్‌కర్నూల్ వాళ్లు తమ కెప్టెన్‌ను అడగడం మొదలుపెట్టారు, ఈ రూలు ఎవని తెలివి అని.

నేను బయట స్కోరు రాస్తూ ఒక సంగతి గమనించాను. ఇన్ని నెలలూ అతను బంతి రాకముందే కొట్టేసేవాడు. తగలదేమో అన్న భయంతో, ముప్పై ఏళ్లు తగిలిన జ్ఞాపకాన్ని నమ్ముకుని బ్యాటు తిప్పేవాడు. కొత్త పద్ధతిలోనూ అంతే, బంతి రాకముందే నెట్టడానికి సిద్ధపడిపోయేవాడు. ఈ రోజు మాత్రం గింజల కోసం, ఫీల్డర్ల కోసం తప్పనిసరై ముందు చూస్తున్నాడు. షాటు పాతదే. ఎత్తు మాత్రం తగ్గింది.

ఎనిమిదోసారి బంతి తీసేసరికి అవ్వకు ఓపిక పోయింది.

"ఆ దిక్కు జాగ లేదా? ఊకె నా గింజల్లకే కొడుతున్నవు! లేసి కూసోను నా నడుము నీ అయ్య సొమ్మా?"

అంటూ గొడుగు వదిలేసి, చాటతో సహా వచ్చి, ఫీల్డర్ల వెనక మక్కల నడుమ సరిగ్గా బంతి దొర్లే దారిలో కూర్చుని గింజల్లో మట్టి ఏరడం మొదలుపెట్టింది. ఎంత బతిమాలినా లేవలేదు. అప్పటికే ఆఖరి ఓవరు, మా వికెట్లు తొమ్మిది పడ్డాయి. నేను పదకొండోవాణ్ని, అవతలి కొనలో బ్యాటు పట్టుకుని ఉన్నాను. అటూ ఇటూ నాలుగు పరుగులు కష్టపడి తెచ్చుకున్నాం. ఆఖరి బంతికి రెండు కావాలి.

బంతి వచ్చింది. లెగ్ స్టంపు మీదికి, మెత్తగా, బతిమాలుతున్నట్టు. దొర్లిస్తే చాలు. బ్యాటు గట్టిగానే వచ్చింది. బంతికి జానెడు దూరంలో టక్కున ఆగిపోయింది. బంతి బ్యాటుకు తగిలి, నడిచివెళ్లి బౌలర్ కాళ్ల దగ్గర నిలబడింది. మ్యాచ్ ఒక్క పరుగుతో పోయింది.

హెడ్మాస్టర్ సార్ గ్రౌండ్లోకి దాదాపు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా! ఎందుకాపినవు?"

"అవ్వ తల వంచింది సార్. జోరుగ పోతుండె. ముఖానికి తగులుతుండె."

"ఎప్పుడు చూసినవు?"

"కొడుతుండంగ."

సార్ మక్కల వైపు చూశాడు. అవ్వ ఇంకా తల వంచుకుని మట్టి ఏరుతోంది. పిచ్ దగ్గరి నుంచి ఆమె దాకా కళ్లతో దూరం కొలిచాడు. లెక్కల సారు కూడా కదా. బ్యాటు తిరుగుతుండగా అంత దూరంలో వంగిన తలను చూసి, ఆ చేతిని ఆపగలిగిన మనిషికి చూపు తగ్గిందని, చెయ్యి నిదానించిందని మేం ఇన్నాళ్లూ టీల మీద టీలు తాగుతూ తీర్మానించాం.

తిరుగు దారిలో వనపర్తి దగ్గర పడుతుండగా లైన్‌మన్ తనే అడిగాడు.

"సార్, వచ్చే ఆదివారం నేను నిలబడాల్నా?"

"వచ్చే వారం గద్వాల" అన్నాడు సార్ ముందు సీట్లోంచి, వెనక్కి తిరగకుండా. "నువ్వు మూడో నంబర్ల దిగు."

"గద్వాలల మక్కలుండయి గద సార్."

"ఉన్నయనుకొని ఆడు."

లైన్‌మన్ ముందు సీటు మీదికి వంగాడు.

"అవ్వను గూడ కూసోబెట్టుకోవాల్నా?"

"కూసోబెట్టుకో" అన్నాడు సార్. "గని ఆఖరి బంతికి జర పక్కకు జరుపు."