సుబేదార్ అడిగిన బెల్లం ముక్క

ఉదయం అయిదు నలభైకి బళ్లారి స్టేషన్‌లో దిగాను. నవంబరు నెల, పల్చటి చలి. భుజాన కిట్ బ్యాగు, చేతిలో రేకుపెట్టె, జేబులో ఉత్తర్వు: ఇక్కడి సైనిక ఆసుపత్రి సిక్ వార్డులో నర్సింగ్ సిపాయిగా మూడు నెలల డ్యూటీ. మా ఊరు కూరెకుప్ప అక్కడికి బస్సులో గంటన్నర. చైనాతో యుద్ధం జరుగుతుంటే తోటివాళ్లను మంచుకొండలకు పంపి, నన్ను ఇంటి పక్కన పడేశారని ఒళ్లు మండిపోయింది. ఆ మూడు నెలల గురించి ఎవరడిగినా "ఏముంది, సూదులు ఉడకబెట్టాను" అని ఇన్నాళ్లూ తప్పించుకున్నాను.

వార్డులో పన్నెండు మంచాలు. ఏడో మంచం సుబేదార్‌ది. మా ఊరి వైపు సండూరు మనిషి, యాభై దాటాయి. చక్కెర జబ్బు. రోజూ ఆరు గంటలకు పరీక్ష. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, ఇటుక రంగుకు తిరిగితే చాలా ఎక్కువ. ఏడు గంటలకు ఇన్సులిన్ సూది, ఇరవై యూనిట్లు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు కూడా సైన్యంలోనే, తూర్పు సరిహద్దులో ఉన్నాడు. నేను వచ్చిన రెండో వారంలో ఆ అబ్బాయి జాబులు ఆగిపోయాయి. రేడియో వార్తలు బాగాలేవు. సుబేదార్ రేడియో పక్కనే కూర్చునేవారు. అన్నం సగం వదిలేసేవారు. సోమవారం గొట్టంలో ఇటుక రంగు తేలింది. డాక్టర్ మేజర్ మోతాదును ఇరవై ఎనిమిది చేశారు. గురువారం మళ్లీ అదే రంగు. ముప్పై ఆరు చేశారు.

తిండి మానేసిన మనిషికి చక్కెర ఎలా పెరుగుతుంది? దొంగచాటుగా తింటున్నాడని తేల్చేశాను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పెట్టె తెరిచాను. చొక్కాల కింద కాగితంలో చుట్టిన బెల్లం ముక్క దొరికింది. ఆయన రాగానే ముందు పెట్టాను.

"ఏంది సాబ్ ఇది?"

"అది ఊరికే తినేకి కాదప్పా. సూది ఎక్కువైతే వణుకొస్తాది, చెమట పడతాది. అప్పుడు నోట్లో ఏసుకోమని పాత డాక్టరు చెప్పినాడు. నేను దాన్ని ముట్టుకోలేదు. దేవుని మీద ఆన."

"మరి ఇంత ఎరుపు ఎట్లా వస్తాంది?"

"నాకేం తెల్సు? నిద్ర లేదు. పిల్లోడు యాడున్నాడో తెల్దు. గుండె దడదడమంటాంది. దానికేమన్నా ఎక్కుతాదేమో."

"దిగులు తియ్యగా ఉంటాదా సాబ్?" అని నవ్వాను.

ఇరవై మూడేళ్ల పొగరు. సూది ఎక్కువైతే ఏమవుతుందో శిక్షణలో నాకూ చెప్పారు. కళ్లతో చూడలేదు, అంతే. బెల్లం తీసుకెళ్లి వంటశాలలో ఇచ్చేశాను. డాక్టర్‌కు చెప్పలేదు. పెద్దాయన పరువు కాపాడానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఛీ!

శనివారం మధ్యాహ్నం జాబు వచ్చింది. కొడుక్కి కాలికి గాయమైంది, ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు. సుబేదార్ ఆ జాబు పట్టుకుని మంచం మంచానికీ తిరిగారు. "బతికుండాడప్పా నా కొడుకు! బతికుండాడు!" ఎన్నో రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయారు.

ఆదివారం ఆరు గంటలకు గొట్టం నీలంగా ఉంది.

"చూస్తిరా సాబ్? బెల్లం పోయె, ఎరుపు పోయె," అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "అనుకోప్పా, ఈపొద్దు నువ్వేమన్నా పడతాను."

నీలం వస్తే సూదికి ముందు డాక్టర్‌కు చెప్పాలి. అది నియమం. సెలవు రోజు ఆయన్ని కదిలించడం ఎందుకులే అనుకున్నాను. కాగితం మీద ముప్పై ఆరు అని ఉంది. ముప్పై ఆరూ ఎక్కించాను.

పది గంటలకు సుబేదార్ నా బల్ల దగ్గరికి వచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. మాట ముద్దగా వచ్చింది.

"బెల్లం... రవ్వంత ఈయప్పా."

"మళ్లీ మొదలుపెడితిరా? పోయి పండుకోండి సాబ్."

చేయి చాపారు. "ఈయప్పా..."

ఒకరోజు నీలం వచ్చేసరికి మళ్లీ తీపి మీదకు మనసు పోయిందనుకున్నాను. రిజిస్టరు వైపు తిరిగాను. వెనక మనిషి పడిన చప్పుడైంది.

డాక్టర్ పరుగున వచ్చి నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు. సుబేదార్ కళ్లు తెరవలేదు. మంగళవారం ఉదయం పోయారు. డాక్టర్ ముందు నిలబడి అంతా చెప్పేశాను.

"దిగులుకూ చక్కెర పెరుగుతుంది," అన్నారాయన. "మనిషి బెంగపడితే ఒళ్లు తనలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది. బెంగ తీరితే తగ్గుతుంది. ఆయన నీకు నిజమే చెప్పాడు. మోతాదు పెంచేముందు నేనైనా ఆయన్ని కూర్చోబెట్టి అడగాల్సింది."

విచారణ జరిగింది. పద్నాలుగు రోజుల శిక్ష పడింది. అది ఏ మూలకు సరిపోతుంది?

జనవరిలో కొడుకు కర్ర ఊతంతో వచ్చాడు, తండ్రి పెట్టె తీసుకుపోవడానికి.

"నా జాబు మా నాయనకు అందెనా?"

"అందింది. వార్డంతా చదివి వినిపించినారు."

"సంతోషపడినాడా?"

"శానా."

మిగతాది చెప్పలేదు. తండ్రిని చివరిదాకా చూసుకున్నానని అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. నేను పిరికివాడిలా నిలబడ్డాను. ఆ తర్వాతైనా చెప్పొచ్చు. సండూరు ఎంత దూరమని? వెళ్లలేదు.

ఫిబ్రవరిలో డ్యూటీ ముగించుకుని కూరెకుప్పలో బస్సు దిగాను. యుద్ధం చూడకుండా క్షేమంగా వచ్చానని అమ్మ దిష్టి తీసింది. ఆ తర్వాత పదకొండేళ్లు సైన్యంలో ఉన్నాను, తుపాకుల చప్పుడూ విన్నాను. అవేవీ నిలవలేదు. నిలిచింది ఒక్కటే. నా బల్ల మీదకు చాచిన తడి అరచేయి, సన్నగా వణుకుతూ. నేను రిజిస్టరు వైపు తిరుగుతున్నాను.